గాజు డబ్బాలు అంటున్న ఆ బడుల గురించి

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య యూరప్‌లో కట్టిన కొన్ని బడుల నలుపు తెలుపు ఫోటోలు, వాటి కింద నాలుగు మాటలు. ఈ మధ్య చాలామంది షేర్ చేస్తున్నారు. ఆ మాటలు ఇవీ: "ఇవి ఆర్కిటెక్టులు తమ ఫ్యాషన్ కోసం కట్టుకున్న గాజు డబ్బాలు. వీటిలో పిల్లలు చలికి వణికారు, ఎండకు ఉడికారు. తొంభై ఏళ్ల కాంక్రీటు వారసత్వం ఎలా అవుతుంది? కూల్చేసి కొత్తవి కట్టుకోవడం మేలు." చదివినవాళ్లు నిజమే కదా అంటున్నారు. నాకు మాత్రం బాధగా ఉంది. ఒక్కొక్క మాటే తీసుకుని జవాబు చెబుతాను.

మొదట ఫ్యాషన్ సంగతి. ఆ గాజు గోడలకు కారణం క్షయ. ఆ జబ్బుకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టింది 1943లో. అప్పటిదాకా డాక్టర్లు రాయగలిగిన మందు మంచి గాలి, ఎండ, తిండి, విశ్రాంతి. ఇరుకు ఇళ్లలో పెరిగే పిల్లలకు ఆ గాలీ ఎండా బడిలోనైనా దొరకాలని 1904లో బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బర్గ్‌లో అడవిలో ఒక బడి పెట్టారు. అక్కడ మొదలైన ఆలోచనే పాతికేళ్ల తర్వాత కాంక్రీటు, స్టీలు, గాజు రూపం తీసుకుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో క్లియో వీధి బడినే చూడండి. యాన్ డౌకర్, బెర్నార్డ్ బైఫూట్ డిజైన్ చేశారు, 1930లో పూర్తయింది. అంతకు ముందు ఓపెన్ ఎయిర్ బడులంటే, అంటే గాలీ ఎండా తగిలేలా ఆరుబయట పాఠాలు చెప్పే బడులంటే, జబ్బు పిల్లలకే. ఇది మాత్రం ఆరోగ్యంగా ఉన్న పిల్లల కోసం, వాళ్లు జబ్బు పడకుండా ఉండాలని కట్టినది. దీనికి వీధి ముఖాన చోటు దొరకలేదు, ఇళ్ల వరుసల మధ్య పెరట్లో కట్టుకోవాల్సి వచ్చింది. నాలుగంతస్తులు. పిల్లర్ అంటే మూలన ఉండాలనేది మనకు అలవాటైన లెక్క. డౌకర్ పిల్లర్లను మూలల్లోంచి తీసి ఒక్కో పక్కకు మధ్యలో నిలబెట్టాడు. దాంతో స్లాబు మూలలు ఏ ఆధారమూ లేనట్టు గాల్లోకి చాచుకుని నిలిచాయి, గది మూలకు కూడా వెలుతురు అందింది. పై అంతస్తుల్లో రెండేసి తరగతి గదులు, వాటి మధ్య రెంటికీ కలిపి ఒక ఓపెన్ తరగతి. మన వసారాను మేడ మీదికి ఎక్కించినట్టు ఉంటుంది. పిల్లర్ ఎక్కడ పెట్టాలన్నది కూడా పిల్లల ఊపిరిని బట్టి నిర్ణయించిన పని అది. దాన్ని ఫ్యాషన్ అనడానికి నాకు నోరు రావడం లేదు.

కట్టించింది ఎవరో కూడా చూడాలి. పారిస్ పక్కన సురెన్ కార్మికులు బతికే ఊరు. అక్కడి సోషలిస్టు మేయర్ ఆన్రీ సెల్లియే ఆరోగ్యం బలహీనంగా ఉన్న పిల్లల కోసం ఒక బడి కట్టించాడు. యూజీన్ బోదువెన్, మార్సెల్ లోద్స్ దాని ఆర్కిటెక్టులు, 1935లో పూర్తయింది. తోటలో విడివిడిగా ఎనిమిది తరగతి గదులు, ఒక్కోదానికి మూడు పక్కలా మడతపెట్టి తీసేయగల గాజు తలుపులు. అవి తీసేస్తే పిల్లలు చెట్ల మధ్య కూర్చున్నట్టే. పైకి ఎక్కడానికి మెట్ల బదులు ర్యాంపులు. 1935లో! ఆవరణలో ఒక పెద్ద భూగోళం కూడా కట్టారు. దాని చుట్టూ తిరిగే ర్యాంపు మీద నడుస్తూ పిల్లలు దేశాలు చూసేవాళ్లు. విల్‌జుయిఫ్ కూడా పారిస్ పక్కన కార్మికుల ఊరే. అక్కడ 1933లో ఆంద్రే లుర్సా డిజైన్‌తో బడి కట్టించింది కమ్యూనిస్టు మునిసిపాలిటీ. డబ్బున్నవాళ్ల సరదా అనే మాట ఇక్కడ అతకదు.

చలి, ఎండల సంగతి చాలావరకు నిజం, ఒప్పుకుంటున్నాను. ఒంటి పొర గాజు, సన్నటి స్టీలు ఫ్రేములు వేడిని ఆపలేవు. ఓపెన్ ఎయిర్ బడుల పాత ఫోటోల్లో పిల్లలు దుప్పట్లు కప్పుకుని పాఠం వింటూ కనిపిస్తారు. ఈ ఇబ్బంది కట్టినవాళ్లకూ తెలుసు, అందుకే ఆమ్‌స్టర్‌డామ్ బడిలో వేడి గొట్టాలను సీలింగులోనే వేశారు. అది సరిపోయిందని నేను అనను. కానీ అప్పటి మామూలు బడి ఎలా ఉండేది? ఎత్తున కిటికీలు, మూసిన తలుపులు, ఒకరి దగ్గు ఇంకొకరికి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు తరగతి గదుల కిటికీలు తెరవండని ప్రపంచమంతా మొత్తుకుంది. ఈ బడులు కట్టినవాళ్లు చెప్పింది కూడా అదే.

తొంభై ఏళ్లకే వారసత్వమా అని అడుగుతున్నారు. వయసే కొలత అయితే పాత రాయి ప్రతిదీ వారసత్వమే కావాలి. జర్మనీలోని డెసౌలో 1926లో తెరిచిన బౌహౌస్ అనే డిజైన్ బడి 1996లోనే యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. బెర్లిన్ దగ్గర బెర్నావులో హన్నెస్ మేయర్, హాన్స్ విట్వర్ 1930లో పూర్తి చేసిన కార్మిక సంఘాల బడి 2017లో చేరింది. సురెన్ బడి 2002 నుంచి ఫ్రాన్స్‌లో రక్షిత కట్టడం. మన గుళ్ల రాతి స్తంభాన్ని చూసి చెక్కిన చెయ్యిని తలుచుకుంటాం. ఇక్కడ తలుచుకోవాల్సింది పేదల బిడ్డకు ఎండ తగలాలని గోడనే తీసేసిన మనసును.

మిగిలింది కూల్చడం. ఈ కట్టడాలను కాపాడటం కష్టమే. కాంక్రీటు పల్చన, లోపలి ఇనుప చువ్వలను కప్పే పొర తక్కువ, నీరు దిగితే ఇనుము తుప్పు పట్టి పెచ్చులు రాలతాయి. అయినా చేసినవాళ్లు ఉన్నారు. బెర్నావు బడిని 1933లో నాజీలు లాక్కున్నారు, తర్వాత తూర్పు జర్మనీ కాలంలో అదనపు కట్టడాలు, మార్పులతో అసలు రూపం మరుగున పడింది. ఓపిగ్గా పొరలు తీసి దాన్ని పాత రూపానికి తెచ్చిన బ్రెన్నె ఆర్కిటెక్టులకు 2008లో పాత కట్టడాలను కాపాడే సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్ల ఆధునిక కట్టడాల బహుమతి వచ్చింది, అదే ఆ బహుమతి మొదటిసారి ఇవ్వడం. ఆమ్‌స్టర్‌డామ్ బడిలో అయితే పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు.

మనవాళ్లకు ఆ పోస్టు ఎందుకు నచ్చిందో నాకు అర్థమైంది. కాంక్రీటు బడి అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది గ్రౌండ్ లేని అపార్ట్‌మెంటు బ్లాకు, గ్రిల్ బిగించిన కిటికీ, ట్యూబ్‌లైటు కింద పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్. ఆ కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. కానీ ఆ బ్లాకుల మీద కోపాన్ని సురెన్ మీద చూపించకండి. అక్కడ తరగతికి మూడు గోడలు తెరుచుకునేవి.