మైలపడ్డ కెర్నెల్

మా ఆఫీసులో ఒక లినక్స్ సర్వర్ ఉంది. మొన్నటిదాకా పదిహేను రోజులపాటు రోజుకు రెండు మూడుసార్లు కొయ్యబారిపోయింది. ఊరికే వదిలేస్తే ఎంతసేపైనా ఉంటుంది. నెట్‌వర్క్ మీద పెద్ద ఫైళ్లు కదిలితే చాలు, కెర్నెల్ పానిక్. అంటే యంత్రాన్నంతా నడిపించే మూల ప్రోగ్రాం, కెర్నెల్, కోలుకోలేని తప్పు తగిలి ఉన్నచోటే చేతులెత్తేయటం. పాపం ఎలా ఉందో చూద్దామని నేను నా బల్ల దగ్గరినుంచి లాగిన్ అయి లాగ్ ఫైళ్లు (అది రాసుకునే దినచర్య) తెచ్చుకోబోయినా అంతే. దాంతో అకౌంట్స్ విభాగంలో ఒక అభిప్రాయం స్థిరపడింది: "మీరు చూడకపోతే బాగానే ఉంటుందండీ."

నేను మాత్రం దీన్ని చాలా గొప్ప విషయం అనుకున్నాను. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ ఇంజనీరు జొనాథన్ లూనీ కనిపెట్టిన 'శాక్ పానిక్' ఇలాంటిదే. బయటివాడెవడో ఒక పద్ధతిలో పేర్చిన టీసీపీ ప్యాకెట్లు, అంటే నెట్‌వర్క్ మీద వెళ్లే సమాచారపు పొట్లాలు, పంపి లినక్స్ యంత్రాన్ని పడగొట్టవచ్చని అప్పుడు తేలింది. మన మీదా దాడి జరుగుతోందని ఎనిమిదిమందికి 'అత్యవసరం' అని ఈమెయిలు పెట్టాను. ఆ ఎనిమిదిమందిలో డైరెక్టర్ గారు కూడా ఉన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

కారణం తెలియాలంటే పోయేముందు అదేమన్నదో వినాలి. అందుకు కేడంప్ అనే ఏర్పాటు ఉంది. కొంత మెమరీ ముందే పక్కన పెడితే, కెర్నెల్ పడిపోగానే అందులోంచి రెండో కెర్నెల్ లేచి, మొదటిదాని మెమరీని డిస్కు మీద దాస్తుంది. ఆ మెమరీ కేటాయించటానికి సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ పెట్టాలి. నెలాఖరు, వీల్లేదన్నారు. దానంతటది రోజుకు మూడుసార్లు కూలిపోతే పర్వాలేదట, నేను ఒక్కసారి ఆపాలంటే ఆరు సంతకాలు కావాలట. (సెట్టింగు రాసి ఊరుకుంటే, అది ఎలాగూ కూలి లేచినప్పుడు అమల్లోకి వచ్చేది. ఈ సంగతి నాకు ఇది రాస్తుండగా తట్టింది. దయచేసి మా ఆఫీసులో చెప్పకండి.) నెట్‌కన్సోల్ అని ఇంకొకటి ఉంది. అది కెర్నెల్ ఆఖరి మాటలను నెట్‌వర్క్ మీదుగా వేరే కంప్యూటర్‌కు పంపుతుంది. నెట్‌వర్క్ కార్డు దగ్గరే ప్రాణం పోతున్నదానికి ఈ వైద్యం! గొంతు పట్టేసినవాణ్ణి ఏమైందో గట్టిగా అరిచి చెప్పమన్నట్టు. అయినా పెట్టాను. అవతల ఒకటిన్నర వరుస వచ్చి ఆగింది.

ఇక మిగిలింది తెర. దాని మీద పట్టేవి ఇరవై అయిదు వరుసలు. కెర్నెల్ వెళ్లగక్కేది అంతకు రెట్టింపు. అసలు సంగతి చెప్పే మొదటి వరుసలు పైకెళ్లి మాయమవుతాయి. వెనక్కి జరుపుదామంటే కీబోర్డు కూడా సహగమనం చేసి ఉంటుంది. గుండ్రటి పిన్ను ఉన్న పాత కీబోర్డు కాబట్టి క్యాప్స్ లాక్, స్క్రోల్ లాక్ దీపాలు మాత్రం టపటపా కొట్టుకుంటూ ఉంటాయి. అందువల్ల అక్షరాలు పరుగెత్తుతుండగానే వీడియో తీయాలి. నేను బయటి గదిలోంచి ఫైళ్లు పంపాలి, లోపల ఎవరైనా ఫోను పట్టుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి ఎవరుంటారు? వాచ్‌మన్ తాత.

"తెర వైపు పెట్టి కదలకుండా పట్టుకోండి తాతా. అక్షరాలు పరుగెత్తుతాయి, భయపడకండి."

"భయమెందుకు సార్? మా మనవరాలి పెళ్లి వీడియో నేనే తీశాను."

ఆయన నిజంగానే కదల్లేదు. పదకొండో నిమిషానికి లోపలినుంచి కేక: "పోయింది సార్!" పరుగెత్తి ఫోను అందుకుని చూశాను. వీడియోలో తెర లేదు, తాత ఉన్నారు. ముందు కెమెరా.

పదకొండు నిమిషాల తాత. కింది కోణంలోంచి ముక్కు, దాని కింద మీసం, రెండు ఆవలింతలు. ఆరో నిమిషంలో దోమ వాలితే చేయి కదపకూడదని పెదవి వంచి ఉఫ్, ఉఫ్ అని ఊదుకున్నారు. ఇంత నిష్ఠ మా బృందంలో ఒక్కరికీ లేదు. పదకొండో నిమిషంలో కనుబొమలు ఒక్కసారిగా పైకి లేచాయి. కెర్నెల్ పోయిన క్షణం ఆ కనుబొమల్లో సెకనుతో సహా నమోదైంది. కళ్లద్దాల్లో తెల్లటి గీతలేవో పాకుతున్నాయి. నాకు ఆశ పుట్టింది. ఇంటికెళ్లి, వీడియోను కుడి ఎడమలు తారుమారు చేసి, పెద్దది చేసి, రాత్రి ఒంటిగంట దాకా ఆ అద్దాలు చదివాను. కెర్నెల్ గురించి ఒక్క ముక్క తెలియలేదు. తాత ఎడమకంట్లో శుక్లం ఉందేమోనన్న అనుమానం మాత్రం కలిగింది.

మర్నాడు వెనక కెమెరా. నెట్‌వర్క్ కార్డును నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, పేరు, దాని దగ్గరే 'టెయింటెడ్: జి ఓ' అని ఒక మాట దొరికాయి. జీవో అంటే ప్రభుత్వ ఉత్తర్వు కాదు. టెయింటెడ్ అంటే మైలపడిందని. 'జి' అంటే లైసెన్సుల విషయంలో దోషం లేదని, 'ఓ' అంటే కెర్నెల్‌తో పాటు రాని మాడ్యూల్ (కెర్నెల్‌కు తగిలించే ముక్క) ఏదో బయటినుంచి వచ్చి ఎక్కిందని. ఇలాంటి కెర్నెల్‌తో దాన్ని రాసే డెవలపర్ల దగ్గరికి వెళితే, మడికట్టుకున్న మా నాయనమ్మలాగా దూరం నుంచే "ముందు అది విప్పేసి రా" అంటారు. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే కెర్నెల్ దాన్ని చంపి తన పని తాను చూసుకుంటుంది. కార్డు తలుపు తట్టిన వేళ, ఇంటరప్టు మధ్యలో డ్రైవర్ తప్పు చేస్తే చంపటానికి ఎవరూ దొరకరు, తనే పోవాలి.

ఆ డ్రైవర్ కార్డు తయారుచేసినవాళ్లది. నిరుడు వేగం చాలటం లేదని రాస్తే, వాళ్ల సహాయ విభాగం "మా తాజా డ్రైవర్ వేసుకోండి" అంది. ఈమధ్య మార్చిన కొత్త కెర్నెల్‌తో దానికి పొసగలేదు. ఇప్పుడు ఇదంతా రాసి పంపితే, సర్వర్ ఆపి మళ్లీ పెట్టి చూశారా అని రెండుసార్లు అడిగారు. అది రోజూ చేస్తున్న పని అదొక్కటే! నాలుగో రోజున జవాబు: "కెర్నెల్‌తో వచ్చిన డ్రైవరే వాడవలసిందిగా సూచిస్తున్నాం."

వాడాను. పడిపోవటం ఆగింది.

నిన్న డైరెక్టర్ గారు అడిగారు, దాడి చేసినవాడు దొరికాడా అని. డ్రైవర్ ఎక్కించినవాడి లాగిన్ తేదీ, సమయంతో సహా లాగ్‌లో ఉంది. అది నాదే. నివేదిక రేపు పదకొండింటికల్లా ఇవ్వాలి. 'మూల కారణం' అన్న గడి దగ్గర గంటన్నరగా కూర్చుని ఉన్నాను. ఇందాక తాత వచ్చారు. ఆ మొదటి వీడియోలో తన ముఖం బాగా వచ్చిందట, మనవరాలికి పంపమన్నారు. జీబీన్నర ఉంది. ఏ కంప్యూటర్‌లోంచి పంపాలా అని చూస్తున్నాను.