అంచనా ఆదాయం గారికి

మహారాజరాజశ్రీ అంచనా ఆదాయం గారి సముఖమునకు, ఉభయకుశలోపరి.

ఐర్లండ్ ఫుట్‌బాల్ పోటీ అయిన లీగ్ ఆఫ్ ఐర్లండ్ క్లబ్బుల బడ్జెట్ షీట్లలో తమరు క్షేమమేనని తలుస్తాం. పక్క వరుసలో ఉన్న జీతాల సంగతే బాగాలేదు. సీజన్‌కు ముందు చలికాలంలో, ఒక్క టికెట్టూ తెగకముందే తమరు పుడతారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారే, ఆ సోమలింగం మీరే. మామూలు సోమలింగానికి పేరొక్కటే పెడతారు. మీ సంపాదన చూపించి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌ను కూడా తెచ్చేస్తారు.

మీ జాతకం వేద్దాం. ఓ మామూలు క్లబ్బు అనుకోండి. 22 మంది ఆటగాళ్లు, సగటున వారానికి 500 యూరోలు, 42 వారాల కాంట్రాక్టు. (మిగిలిన పది వారాలు ఆటగాడు ఏం తింటాడన్నదానికి షీట్‌లో గడి లేదు.) మొత్తం 4,62,000. యజమాని కట్టాల్సిన సామాజిక బీమా సుమారు 11 శాతం కలిపితే 5,13,000. రాబడిలో 65 శాతానికి మించి ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టకూడదని ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏఐ ఒకప్పుడు నిబంధన పెట్టింది. ఆ లెక్కన ఈ జట్టుకు 7,89,000 రాబడి కావాలి.

నిజంగా వచ్చేదెంత? లీగ్‌లో సొంత మైదానంలో 18 మ్యాచ్‌లు. డబ్బిచ్చి వచ్చేవాళ్లు 1,200 మంది. పిల్లలు, పెద్దవాళ్ల రాయితీలు పోను తలకు 12 యూరోలు. అంటే 2,59,000. స్పాన్సర్లు 1,20,000. లాటరీ, బార్ కలిపి 60,000. అన్నీ కూడినా 4,39,000 దాటదు. దానికి 65 శాతం కడితే ఆటగాడికి వారానికి 278 యూరోలే వస్తాయి.

ఇక్కడే తమరి ప్రవేశం. ఆ 65 శాతం భిన్నంలో లవం, అంటే జీతాలు, తగ్గాలంటే ఒకణ్ణి కూర్చోబెట్టి జీతం సగమని చెప్పాలి. హారం, అంటే రాబడి, పెరగాలంటే కీబోర్డు చాలు. యూరప్ క్లబ్బుల టోర్నీలో ఒక రౌండ్, కప్పులో సెమీఫైనల్, ఒక కుర్రాడి అమ్మకం, డైరెక్టరు గారు "చూద్దాంలే" అన్న లక్ష. మూడున్నర లక్షల గొయ్యి పూడిపోయింది. నిబంధన పాటించినట్టే!

కుర్రాడి అమ్మకం అంటే గుర్తొచ్చింది. షేమస్ కోల్‌మన్ అనే ఆటగాడు 2009లో ఈ లీగ్ క్లబ్బు స్లైగో రోవర్స్ నుంచి ఇంగ్లండ్ క్లబ్బు ఎవర్టన్‌కు వెళ్లిన ధర 60,000 పౌండ్లు. ఆ తర్వాత అక్కడ నాలుగు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడాడు. మన లెక్కలోని క్లబ్బుకు ఆ సొమ్ము ఆరు వారాల జీతాలు.

మీ దయవల్ల గెలిచిన టైటిళ్లు తక్కువేం కాదు. 2005 ఛాంపియన్ కార్క్ సిటీ. 2008లో అప్పులవాళ్ల నుంచి హైకోర్టు రక్షణలోకి వెళ్లింది, పది పాయింట్లు పోయాయి, 2010 మొదట్లో ఆ కంపెనీయే మూతపడింది. అభిమానుల ట్రస్టు మళ్లీ కింది డివిజన్ నుంచి మొదలుపెట్టింది. 2006 ఛాంపియన్ షెల్బోర్న్. మరుసటి సీజన్ కింది డివిజన్‌లో ఆడింది, కారణం పాయింట్లు కాదు, పద్దులు. 2007 ఛాంపియన్ డ్రోహెడా యునైటెడ్. మరుసటి ఏడాదే ఎగ్జామినర్‌షిప్. అంటే కోర్టు ఒక పర్యవేక్షకుణ్ణి పెడుతుంది, అప్పట్లో గడువు మహా అయితే వంద రోజులు, ఆలోగా అప్పులవాళ్లు యూరోకు కొన్ని సెంట్లు చాలని ఒప్పుకోవాలి. 2008, 2009 టైటిళ్లు బొహీమియన్స్‌వి. సొంత మైదానం డాలీమౌంట్ పార్క్‌ను సుమారు ఆరున్నర కోట్ల యూరోలకు అమ్మే ఒప్పందం మీద ఆ జట్టు నిలబడింది. భూముల ధరలు కూలాయి. అదే మైదానాన్ని డబ్లిన్ నగర మండలి 2015లో 38 లక్షలకు కొంది.

డెర్రీ సిటీ వాళ్లది వేరే దారి. ఎఫ్‌ఏఐకి చూపించిన కాంట్రాక్టు ఒకటి, ఆటగాడి చేతిలో మరొకటి. 2010 నవంబరులో లీగ్ నుంచి గెంటేశారు. ఆ గెంటిన ఎఫ్‌ఏఐ సంగతో? 2019 డిసెంబరులో సొంత పద్దులు విప్పితే అప్పులు ఐదున్నర కోట్ల యూరోల దాకా తేలాయి, మరుసటి నెల ప్రభుత్వం ఆదుకోవాల్సి వచ్చింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే.

మీరు కొన్నిసార్లు నిజంగానే వస్తారు, అది ఇంకా ప్రమాదం. డండాక్ 2016లో, 2020లో యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోపా లీగ్ గ్రూపు దశ ఆడింది. అలాంటి ఏడు చేసుకున్న అలవాటు మామూలు ఏడు మోయలేదు. 2024లో ఆ క్లబ్బు మూతపడేదాకా వెళ్లి, కింది డివిజన్‌కు జారింది.

మీరు రాని ఏడు ముందు తెలిసేది ఆటగాడికి కాదు, పన్నుల శాఖకు. జీతంలోంచి కోసిన పన్ను కట్టకుండా వచ్చే వారం జీతానికి వాడతారు. అప్పు చేసి పప్పుకూడు అంటారు గానీ, ఇక్కడ అప్పిచ్చినవాడికి తాను ఇచ్చినట్టే తెలియదు. లీగ్‌లో ఆడే లైసెన్సుకు పన్ను బకాయి లేదన్న కాగితం కావాలి కాబట్టి, గేటు సొమ్ము ఆగిపోయిన చలికాలంలోనే ఆ గుట్టు బయటపడుతుంది.

అందుకని మనవి. యూరప్ గడిలో సున్నా, కప్పు గడిలో సున్నా. అమ్మకం సొమ్ము బ్యాంకులో పడ్డాకే షీట్‌లోకి. గేటు కిందటేటి సగటుకు పదో వంతు తక్కువ. యూరప్ వస్తే బోనస్ అని కాంట్రాక్టులోనే రాయండి, జీతంలో కలపొద్దు. వాన కురిసిన శుక్రవారం గేటు దగ్గర టికెట్టు కొనేవాళ్లు 300 మంది తగ్గినా, పైన చెప్పిన 12 యూరోల లెక్కనే 3,600 పోయినట్టు.

ఇట్లు,
తమరి రాకకై ఎదురుచూస్తున్న జీతాల వరుస

తా.క. ఈ శుక్రవారం వాన సూచన ఉంది. షీట్‌లో 1,200 అనే ఉంది.