ఫొటోలో కనిపించని బట్టలు

ఈసారి అమెరికాలోని మన తెలుగు సంఘం బట్టల సేకరణ పెట్టినప్పుడు నేనూ ఒక శనివారం వెళ్లి పెట్టెలు సర్దాను. ఒక పెట్టెలో మోకాళ్ల దాకా వచ్చే మంచు కోటు, ఇంకో దానిలో ఎవరి పెళ్లిదో జరీ షేర్వాణీ. పైన పెద్ద అక్షరాలతో ‘శ్రీకాకుళం పేద విద్యార్థులకు’ అని రాసి ఉంది. ఆమదాలవలస ఎండలో ఆ కోటు ఎవరు తొడుక్కుంటారని అందరం నవ్వుకున్నాం. కానీ తీసి పక్కన పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఇచ్చినవారు నొచ్చుకుంటారట! పుచ్చుకునేవారి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు.

నాకైనా రావాల్సింది. విజయనగరం జిల్లాలో హాస్టల్లో ఉండి చదువుకున్నవాణ్ణి. ఉన్నవి రెండు నిక్కర్లు. ముసురు పట్టిందంటే ఉతికిన నిక్కరు మూడు రోజులకు గానీ ఆరేది కాదు. తడిదే తొడుక్కుని బడికి వెళితే తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడేవి. నా నడక చూసి లెక్కల మాస్టారు ‘గుర్రం దిగి వచ్చావేమిరా?’ అనేవారు. క్లాసంతా నవ్వేది. అప్పట్లో నాకు ఎవరైనా షేర్వాణీ ఇచ్చి ఉంటే ఏం చేసుకునేవాణ్ణో!

సంక్రాంతి సెలవులయ్యాక శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి వైపు ఒక ఆడపిల్లల హాస్టలుకు వెళ్లాను. యూనిఫాం లేని పిల్ల ఒక్కతీ కనిపించలేదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మనం ఇంకా నలభై ఏళ్ల కిందటి పేదరికాన్నే ఊహించుకుని పెట్టెలు కడుతున్నాం. ప్రభుత్వ బడి పిల్లలకు 2020లో విద్యా కానుకగా మొదలై, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో అందుతున్న కిట్టులో యూనిఫాం గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు, సంచీ అన్నీ ఉంటాయి. ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు 10 శానిటరీ నాప్కిన్లు ఇచ్చే స్వేచ్ఛ కార్యక్రమం 2021లో మొదలైంది.

మరి లోటెక్కడ? ఆ పిల్లల్లో ఒకతి ట్రంకు పెట్టె తెరిచి చూపించింది. అడుగున యూనిఫాం గుడ్డ మడత విప్పకుండా ఉంది. అమ్మానాన్నలు చెన్నైలో భవనం పనికి వెళ్లారు, కుట్టించేవారు లేరు. వేసుకున్న చొక్కాకు గుండీలు ఊడిన చోట రెండు పిన్నీసులు. ఒక మూల సబ్బుపెట్టె, అందులో అరిగిపోయిన రెండు ముక్కలను ఒత్తి అతికించిన బిళ్ళ. తువ్వాలు ఒక్కటే, అక్కకీ తనకీ కలిపి. లోదుస్తుల మాట నేను అడగలేదు. వార్డెనమ్మే నన్ను పక్కకు పిలిచి చెప్పింది: ‘ఏ కిట్టులోనూ అవి రావండీ. దాతలూ ఇవ్వరు. పంచిపెడుతూ ఫొటో దిగలేరు కదా!’

ఆ మాట నాకు సూటిగా తగిలింది. మన పత్రికలో అచ్చయ్యే ఫొటోలు తిరగేయండి. బ్యాగులు, సైకిళ్లు, దుప్పట్లు. వరసలో నిలబెట్టిన పిల్లలు, వెనక మన బ్యానరు. అందులో మొహం కనబడిన పిల్లకు రేపు ఊళ్లో ఆ ఫొటో చూపించి ‘నీకు అమెరికావాళ్లు బట్టలిచ్చారట’ అంటే ఎలా ఉంటుంది? ఆ ఫొటోలు వేయడం మానేయాలని మన కార్యవర్గానికి రాతపూర్వకంగానే ఇచ్చాను. ఇంకా జవాబు రాలేదు.

తువ్వాలు పంచుకోవడం చిన్న విషయమనిపిస్తుంది గానీ, ఒకరికి గజ్జి వస్తే గదిలో పక్కపక్కన పడుకునేవాళ్లకు పాకుతుంది. మందు అందరికీ ఒకేసారి రాయాలి, అదే రోజు బట్టలూ దుప్పట్లూ వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. మార్చుకోవడానికి రెండో జత లేని పిల్ల ఏం కట్టుకుని ఉతుక్కుంటుంది?

కంటైనరులో పాత బట్టలు పంపే ఖర్చుతో శ్రీకాకుళం బజారులోనే ఆ పిల్లల కొలతలకు కొత్తవి వస్తాయి, కుట్టుకూలి అక్కడి దర్జీకే దక్కుతుంది. డబ్బు పంపడంలో మాత్రం జాగ్రత్త కావాలి. విదేశీ విరాళం తీసుకునే స్వచ్ఛంద సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఆ సొమ్మును మరో సంస్థకు మళ్లించకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. పౌరసత్వం మారినవారిది, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, వస్తుంది.

బయలుదేరేటప్పుడు, ఏం కావాలో రాసివ్వమని వార్డెనమ్మను అడిగాను. నోటుపుస్తకంలో కాగితం చింపి రాసింది. లోదుస్తులు, సైజులవారీగా. తువ్వాళ్లు. ఒంటి సబ్బులు, బట్టల సబ్బులు. పేల దువ్వెనలు. గుండీలు, సూదులు, దారం. స్నానాలగదికి లోపలి గడియలు నాలుగు. ఆఖరున ఒక మాట రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది: బట్టలు ఆరేసుకోవడానికి నైలాను తాడు, రెండు కట్టలు.