ఆ కాగితం తెలుగుల ఇస్తే ఏం పోయేది?

ఇప్పుడే ఫోన్ పెట్టేసిన, చేతులింకా వణుకుతున్నయి. అమ్మకు పంటి ఇంప్లాంట్ (లేని పన్ను జాగల దవడ ఎముకల బిగించే స్క్రూ) వేయించి ఇయ్యాల్టికి నాలుగో రోజు. కింది దవడ వాపు దిగాల్సింది పోయి నిన్నటికన్నా పెరిగింది, నోరు తెరిస్తే చెడు వాసన. నల్లగొండల వేయించిన దవాఖానకు ఫోన్ చేస్తే, "వాపు కామనే సార్, గోలీ వేసుకోమనండి" అని పెట్టేసిన్రు. ఎన్నో రోజని అడగలే. అమ్మ పేరు కూడా అడగలే.

వాపు వస్తదని నాకూ తెలుసు. రెండు మూడు రోజులు పెరుగుతది, ఆ తర్వాత దిగాలె. దిగకుండా పెరిగితే, చీము కారితే, పెదవి తిమ్మిరి పోకుంటే ఆలస్యం చేయకుండా పిలిచి చూడాలె. ఈ ముక్క రాత్రి పన్నెండింటికి నేను ఫోన్ల వెతుక్కునుడు ఏంది?

ఇంటికి పంపేటప్పుడు చేతిల ఒక కాగితం పెట్టిన్రు. మొత్తం ఇంగ్లీషు. రోజూ తెలుగు పేపరు చావు కబుర్ల దాకా వదలకుండా చదివే మనిషి మా అమ్మ. అది తెలుగుల ఉంటే అక్షరం పొల్లుపోకుండ పాటించేది. 24 గంటలు పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు అని అండ్ల మొదటి లైన్లనే ఉన్నది. ఆ రాత్రే అమ్మ, పక్కింటి వదినె చెప్పిందని, ఉప్పునీళ్లతోటి గట్టిగా నాలుగుసార్లు పుక్కిలించి ఊసింది. పొద్దున లేస్తే దిండు గలీబు మీద అరచేతంత నెత్తురు మరక. గాయం మీద గడ్డకట్టిన నెత్తురే దానికి కాపు, అది లేచిపోతే ఎట్ల మానుతది? ఉప్పునీళ్లు మంచివే, కానీ మర్నాటి నుంచి, మెల్లగ. మూడో రోజు అదే పక్కన జొన్నరొట్టె నమిలింది. షుగర్ ఉన్న మనిషికి గాయం ఆలస్యంగ మానుతదని కూడా చెప్పలే. ఎముక ఆ టైటానియం స్క్రూను పట్టుకోవాలంటే మూడు నుంచి ఆరు నెలలు. డాక్టరు పని గంటల అయిపోయింది, ఈ ఆరు నెలల పని అమ్మది. పని ఆమెకు అప్పజెప్పి, ఎట్ల చేయాల్నో చెప్పకపోతే ఎట్ల?

నా కడుపుమంట ఇయ్యాల్టిది కాదు. అమ్మ పుట్టింది మా నల్లగొండ జిల్లాలనే, మర్రిగూడ దిక్కు. పండ్లు గట్టిపడాల్సిన వయసుల ఫ్లోరైడ్ నీళ్లు తాగింది. గోధుమరంగు చారలు, గుంతలు, తర్వాత పుచ్చుడు. పెండ్లి ఫోటోల పెదవులు బిగబట్టుకొని నిలబడి ఉంటది. నల్లగొండ నీళ్లల్ల ఈ ఫ్లోరైడ్ రోగం ఉన్నదని ఎన్నో ఏండ్ల కిందనే బయటపడ్డది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అన్నరు. మా అమ్మమ్మ ఇంటి నల్లాల కృష్ణ నీళ్లు చూసేందుకు మాత్రం మిషన్ భగీరథ దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి అమ్మ నోట్లె సగం పండ్లు లేవు.

"పన్ను పెట్టించినంక ఒక ఫోటో దిగుదాం బిడ్డా" అన్నది పోయిన నెల. ఇప్పుడు దవడ పట్టుకొని గోడ దిక్కు తిరిగి పడుకున్నది.

రేపు దవాఖాన తలుపు తీసేసరికి అమ్మను తీసుకొని అక్కడుంటా. ఆ కాగితం కూడా తెస్తున్న. అండ్ల ఉన్న ప్రతి లైను అమ్మకు తెలుగుల చెప్పేదాకా కుర్చీల నుంచి లేవ.