బొమ్మకు మార్కులు వేయకండి

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య వారం తప్పకుండా ఒక పోస్టర్ దిగుతోంది. మాదాపూర్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో ఏదో కేఫ్, ఆదివారం పొద్దున రెండు గంటలు, చిన్న కాన్వాస్, అక్రిలిక్ రంగులు, మధ్యలో కాఫీ. పైన పెద్ద అక్షరాలతో 'ఆర్ట్ థెరపీ'. వెళ్ళినవాళ్ళందరూ ఒకే సూర్యాస్తమయం వేసుకుని, ఒకే గోడ ముందు నిలబడి ఫొటో దిగి వస్తారు. వెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు. వారమంతా హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో నలిగినవాళ్ళకు ఆ రెండు గంటలు హాయిగానే ఉంటాయి. వైద్యం పేరు పెట్టి అమ్మితేనే ఒళ్ళు మండుతుంది. నిజంగా లోపల కుమిలిపోతున్న మనిషి అక్కడికి వెళ్తాడు. పక్కవాళ్ళ సూర్యుడు గుండ్రంగా వస్తాడు, తనది రాదు. 'ఇది కూడా నావల్ల కాలేదు' అనుకుని ఇంటికొస్తాడు. ఇక జన్మలో ఆ వైపు చూడడు.

ఆర్ట్ థెరపీ అంటే శిక్షణ పొందిన మనిషి పక్కనుండి బొమ్మలతో, రంగులతో, మట్టితో మనసుకు చేసే చికిత్స. అందులో బొమ్మ బాగా వచ్చిందా లేదా అన్నది లెక్కలోకే రాదు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా దాని చుట్టూ నా కోపం.

మా అక్క కొడుకు సంగతి చెప్తాను. వాడిని అడిగే రాస్తున్నాను, ఇప్పుడు ఇంటర్‌కొచ్చాడు. 2021 సెకండ్ వేవ్‌లో మా నాన్న పోయారు. వాడికి తాత అంటే ప్రాణం. చివరి చూపుకు పిల్లల్ని తీసుకెళ్ళే రోజులు కావవి. తర్వాత వాడు ఏడవలేదు. మాటలు తగ్గిపోయాయి, అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు, ఆరో తరగతి పిల్లాడు రాత్రిళ్ళు పక్క తడపడం మొదలుపెట్టాడు. "పిల్లగానికి గాలి సోకింది, తాయెత్తు కట్టియ్యాలె" అని మా అమ్మ. కౌన్సెలర్‌కు చూపిద్దామంటే మా బావ నా మీదికి లేచాడు: "ఏం బామ్మర్దీ, నా కొడుకును ఎర్రగడ్డకు తోలుతవా?" హైదరాబాద్‌లో ఆ పేరును ఇంకా తిట్టులాగే వాడతాం. మానసిక వైద్యశాల అక్కడ ఉన్న పాపానికి ఒక పేట మొత్తం వెక్కిరింతల పాలైంది.

చివరికి తెలిసినవాళ్ళ ద్వారా శిక్షణ పొందిన ఒక ఆర్ట్ థెరపిస్ట్ దొరికారు. చిన్న గది, టేబుల్ మీద పేపర్ పరిచి క్రేయాన్లు, పోస్టర్ కలర్లు, ఒక డబ్బాలో తడి మట్టి. వాడు తెల్ల కాగితం ముందు కూర్చుని "మిస్, ఏం గీయాలి?" అన్నాడు. "నీ ఇష్టం" అంటే ఇంకా బిగుసుకుపోయాడు. మన బళ్ళలో చదివిన పిల్లాడు కదా! మూడు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరి చెట్టు. కొన్ని వారాలు అవే కొండలు. ఆవిడ బాగుందనీ అనలేదు, ఇంకేదైనా గీయమనీ అనలేదు. ఒక రోజు మట్టి ముందుకు జరిపారు. వాడు ముద్ద తీసి టేబుల్‌కేసి కొట్టాడు. అరచేత్తో చదును చేసి, మళ్ళీ ముద్ద చేసి, మళ్ళీ కొట్టాడు. గంటంతా అంతే. ఆ తర్వాత ఎప్పుడో అదే మట్టితో నిలువుగా పొడుగ్గా ఒకటి చేసి, పైన చిన్న మూత పెట్టాడు. "దీని గురించి చెప్తావా?" అని ఆవిడ అడిగారు. "సిలిండర్. దొరకలే" అన్నాడు.

వాడు సరేనన్నాకే ఆ మాట మా అక్కకు చెప్పారు. ఆక్సిజన్ కోసం ఆ రాత్రి మేం చేసిన ఫోన్లన్నీ వాడు తలుపు వెనక నిలబడి విన్నాడని మా అందరికీ అప్పుడే తెలిసింది. మర్నాటి నుంచి అంతా సర్దుకుందని చెప్పను. నెలలు పట్టింది. కానీ ఇంట్లో తాత పేరు ఎత్తడం అక్కడి నుంచే మొదలైంది. మా బావ కూడా ఇప్పుడు ఎర్రగడ్డ మాట తీయడు.

ఇందులో మంత్రమేమీ లేదు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు జరిగింది మాటల్లో వరుసగా గుర్తుండకపోవచ్చు. ఒక దృశ్యంగా, ఒక శబ్దంగా, కడుపులో ముడిలా ఉండిపోవచ్చు. అలాంటి పిల్లాణ్ణి "ఏమైంది నాన్నా, చెప్పు" అని వందసార్లు అడిగినా ఏం చెప్తాడు? చేతికి పని ఇస్తే లోపలిది బయటికొచ్చి టేబుల్ మీద కూర్చుంటుంది. అప్పుడు తన గురించి కాకుండా దాని గురించి మాట్లాడొచ్చు. ఏ సామాను ఎప్పుడు ఇవ్వాలన్నదీ ఒక విద్యే. పెన్సిల్ చెప్పిన మాట వింటుంది, భయంతో బిగుసుకున్న మనిషికి అది ధైర్యం. నీటి రంగు చెప్పిన మాట వినదు, కారిపోతుంది. ఆ కారిపోవడం ఒకరికి విడుదల, ఇంకొకరికి భయం. మట్టి దెబ్బలు తింటుంది. ఎవరికి ఏది ఇవ్వాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి ఆ గదిలో ఉండాలి. మానని గాయాన్ని కెలికి, టైమైపోయిందని బిల్లు చేతిలో పెట్టే కేఫ్‌తో నాకున్న పేచీ అదే.

దీని పుట్టుక కూడా జబ్బుమంచం మీదే. ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు క్షయతో శానటోరియంలో పడుకుని, కాలక్షేపానికి బొమ్మలు గీస్తూ, తోటి రోగుల చేత కూడా గీయించాడు. 'ఆర్ట్ థెరపీ' అన్న పేరు ఆయన పెట్టిందే, 1942లో. 1946లో ఎడ్వర్డ్ ఆడమ్సన్ ఇంగ్లండ్‌లోని నెదర్న్ మానసిక చికిత్సాలయంలో రోగుల కోసం స్టూడియో తెరిచాడు. ఆయన పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. పాఠం చెప్పడు, బొమ్మకు అర్థం చెప్పడు, ఊరికే అక్కడ ఉంటాడు. అదే కాలంలో ఫ్రీడెల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి నాజీలు యూదులను బంధించిన తెరెజిన్ గెటోలో పిల్లలకు బొమ్మలు నేర్పింది. ఆ పిల్లల్లో చాలామంది బతకలేదు. ఆమెనూ 1944లో ఆష్విట్జ్ మరణ శిబిరంలో చంపేశారు. పిల్లలు గీసిన దాదాపు 4,500 బొమ్మలు ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. పిల్లల చేత బొమ్మ మీద వాళ్ళ పేరు రాయించేదట. మనుషులకు నంబర్లు వేసే చోట ఆ పని ఎంత పెద్దదో ఆలోచించండి.

ఇక మన వాట్సాప్ సైకాలజిస్టులు. "మీ పిల్లలు నల్లరంగు వాడుతున్నారా? జాగ్రత్త!" "ఇంటికి కిటికీ గీయలేదా? ఒంటరితనం!" ఇల్లు, చెట్టు, మనిషి గీయించి మనస్తత్వం చెప్పే పరీక్ష ఒకటి 1948 నుంచి ఉన్న మాట నిజమే. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చన్న దాని మీద మనస్తత్వ శాస్త్రవేత్తల్లోనే చాలా వాదాలున్నాయి. బొమ్మేమీ బ్లడ్ రిపోర్ట్ కాదు. మిగతా క్రేయాన్లు విరిగిపోయి నల్లది ఒక్కటే మిగిలుండొచ్చు. మంచి థెరపిస్ట్ అర్థం తాను చెప్పరు, గీసినవాళ్ళనే అడుగుతారు.

"సైన్స్ ఉందా అన్నా?" అని కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. అమెరికాలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో 39 మంది పెద్దవాళ్ళు 45 నిమిషాలు రంగులతోనో మట్టితోనో తమకు నచ్చింది చేశారు. దాదాపు 75 శాతం మందిలో టెన్షన్‌కు సంబంధించిన కార్టిసాల్ హార్మోన్ తగ్గింది. బొమ్మలు వేసిన అలవాటు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా కనపడలేదు. పోల్చడానికి ఇంకో గుంపు లేదు కాబట్టి దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఇంకోవైపు బ్రిటన్‌లో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న 417 మందితో చేసిన మ్యాటిస్ అనే ట్రయల్ ఫలితం 2012లో వచ్చింది. మామూలు చికిత్సకు గ్రూప్ ఆర్ట్ థెరపీ జోడిస్తే అదనపు మేలు కనపడలేదు. చాలామంది సెషన్లకు సరిగా రానేలేదు, అది వేరే సంగతి. దీన్నిబట్టి నేను చెప్పేదొకటే: డాక్టర్ ఇచ్చిన మందులు ఆపేసి రంగులు పట్టుకోమని ఎవడైనా చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

"మన ముగ్గులే థెరపీ, ఇవన్నీ ఫారిన్ పైత్యం" అనే పెద్దవాళ్ళకు దండం. సంక్రాంతి పొద్దున చుక్కలు పెట్టి మెలికలు తిప్పుతుంటే మనసు నిమ్మళిస్తుంది, నిజమే. చేర్యాల నకాషీ కళాకారులు చింతగింజల అంబలి పట్టించిన గుడ్డ మీద ఎర్ర నేల దిద్దుతుంటే పక్కన కూర్చుని చూసినా చాలు, బీపీ తగ్గుతుంది. కానీ భర్త పోయిన ఆడమనిషి ఆ ఏడు ముగ్గు వేస్తే వాడకట్టు ఏమంటుంది? ఎవరూ ఏమీ అనని గది ఒకటి కావాలంటున్నాను. పైగా ముగ్గులకు కూడా మా అపార్ట్‌మెంట్‌లో ఫస్ట్ ప్రైజ్ పెట్టారు, మిక్సీ గ్రైండర్.

వెళ్ళాలనుకునేవాళ్ళు మొహమాటపడకుండా అడగండి: ఎక్కడ చదివారు, ఎన్నాళ్ళు, మీకు పైన సూపర్‌వైజర్ ఎవరు, నా బొమ్మ ఎవరి దగ్గర ఉంటుంది? బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా ఆర్ట్ థెరపిస్ట్ అని చెప్పుకోవడం నేరం. ఇక్కడ వీకెండ్ వర్క్‌షాప్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినా అడిగేవాడు కనపడడు. మీ బొమ్మను ఇన్‌స్టాలో పెడతామంటే అసలు వద్దు. ఫీజు భరించలేనివాళ్ళకు ఏం చెప్పాలో తెలియక నాకే సిగ్గుగా ఉంటుంది, ఎందుకంటే మంచివాళ్ళు తక్కువ, వాళ్ళ ఫీజులు ఎక్కువ. కనీసం మాట్లాడటానికి టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా చేయొచ్చు.

ఇంకొక్కటి. మా వాడు అన్ని వారాలు కొండలే గీయడానికి కారణం దుఃఖం ఒక్కటే కాదని ఆ థెరపిస్టే అన్నారు. తప్పొప్పులు లేకుండా ఒక్క గీత గీసిన అనుభవం కూడా లేని పిల్లలు తన దగ్గరికి చాలామంది వస్తారట. మీ పిల్లల బడికి వెళ్ళినప్పుడు డ్రాయింగ్ పీరియడ్ ఎవరు తీసుకుంటున్నారో అడగండి. మా వాడి బడిలో లెక్కల సార్ తీసుకునేవారు, లెక్కలే చెప్పేవారు.