అవశేషం వేరు, నిరోధకత వేరు

మళ్ళీ అదే మాట! కోళ్ళలో సాల్మొనెల్లా (మనుషులకీ జబ్బు తెచ్చే పేగు బాక్టీరియా) యాంటీబయాటిక్ మందులకు లొంగట్లేదని ఎవరో రాస్తే, కింద ఒకాయన జవాబు: "విత్‌డ్రాయల్ పీరియడ్ (మందు ఆపాక కోతకి ముందు ఆగాల్సిన గడువు) పాటించాం, మాంసంలో అవశేషం లేదు, ఇంకేంటి సమస్య?" దానికి బోలెడు లైకులు.

అయ్యా, మాంసంలో మందు మిగలకపోవడం వేరు, కోడి పేగులో ఆ మందుకు చావని బాక్టీరియా మిగలడం వేరు. ఆ గడువు లెక్కగట్టింది మొదటిదానికే. మందు కొద్దిరోజుల్లో దిగిపోతుంది. జైర్-ఏ అనే జన్యువు మారి మందుకి చావకుండా తయారైన సాల్మొనెల్లా మాత్రం సీకంలో (పేగులోని సంచిలో) ఉండిపోయి, రెట్టతో లిట్టర్‌లోకి (షెడ్డు నేల మీద పరిచే ఊకలోకి), అక్కణ్ణుంచి తర్వాతి బ్యాచ్ పిల్లల్లోకి పోతుంది. కోడికి జబ్బు లక్షణమే ఉండదు, ఎవరికీ అనుమానం రాదు.

అసలు ఇచ్చే తీరు చూడండి. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే కోళ్ళ యాంటీబయాటిక్ కిలో బరువుకి రోజుకి 10 మి.గ్రా., నీళ్ళలో. నీరసపడ్డ కోడి నీళ్ళే సరిగ్గా తాగదు. పైగా ఆ ద్రావణం క్షారం. ఆమ్లం కలిపిన నీళ్ళలో పోస్తే విరిగి, పైపుల్లో తెల్లగా పేరుకుంటుంది. కోడికి అందేది అరకొర డోసు. మామూలు బాక్టీరియా చస్తుంది, ఒక మ్యుటేషన్ (జన్యువులో మార్పు) ఉన్నది బతికి రెండోదానికి సిద్ధమవుతుంది. కోడి ఒంట్లో ఈ మందు కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుందని, మనుషులకిచ్చేదీ అదేనని ఎన్నిసార్లు చెప్పాలి?

కెనడాలోని క్యూబెక్ సంగతి గుర్తొస్తే కడుపు మండుతుంది. అక్కడ హేచరీలు గుడ్డులోకే సెఫ్టియోఫర్ అనే యాంటీబయాటిక్ సూది వేసేవి. అదీ ఈ.కోలి అనే వేరే బాక్టీరియా భయంతో, సాల్మొనెల్లా కోసం కూడా కాదు. సాల్మొనెల్లాలో హైడల్‌బర్గ్ అనే రకం కోళ్ళలోనూ మనుషుల్లోనూ ఆ మందుకి మొండికేసింది. 2005లో సూది ఆపారు, రెండుచోట్లా నిరోధకత పడిపోయింది. 2007లో కొంతమేర మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ పెరిగింది. రక్తానికెక్కిన సాల్మొనెల్లాతో వచ్చే పసిబిడ్డకి ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ కూడా ఆ కుటుంబానిదే. ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

ఇక బాక్టీరియా ఏ మందుకి లొంగుతుందో చెప్పే ల్యాబ్ రిపోర్టులు. ఈ గొడవ పాతదే, కానీ వదలను. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కి ఇంకా డిస్క్ పెడుతున్నారు, అంటే బాక్టీరియా పూసిన అగార్ (జెల్లీ) ప్లేటు మీద మందు బిళ్ళ పెట్టి, దాని చుట్టూ బాక్టీరియా పెరగని వలయాన్ని కొలుస్తున్నారు! ఆ అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు, ఆ వలయం కొలిచి లాభం లేదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవంలో మందుని వేర్వేరు మోతాదుల్లో కలిపి బాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) చెయ్యాలి. జెంటామైసిన్ అనే మందుకి "ఎస్" (సెన్సిటివ్, అంటే లొంగుతుంది) అని రాస్తారు. సాల్మొనెల్లా కణాల లోపల దాక్కుంటుంది, ప్లేటులో పనిచేసినట్టు కనిపించే ఆ మందు రోగిలో పనిచెయ్యదు. అన్నిటికన్నా ఘోరం సిప్రోఫ్లాక్సాసిన్ డిస్క్. ఈ.కోలికి 26 మి.మీ. వలయం చాలు, సాల్మొనెల్లాకి 31 ఉండాలి. ఒకే పట్టిక చూసి రెండూ చదివేస్తారు. 28 వచ్చిందంటే తొలి మ్యుటేషన్ వచ్చిందేమోనని అనుమానించాలి. అదే కుటుంబానికి చెందిన పెఫ్లాక్సాసిన్ 5 మైక్రోగ్రాముల డిస్క్ పక్కన పెడితే అక్కడే బయటపడుతుంది. పెట్టరు. "ఎస్" అని కొట్టి పంపేస్తారు. ఆ కాగితం చూసే షెడ్డులో మళ్ళీ అదే ఎన్రోఫ్లాక్సాసిన్ సీసా ట్యాంకులో పోస్తారు.