సవరణ: ఆటలో సగం పటింగేనన్న లెక్క గురించి

సాధారణ గోల్ఫ్ ఆటగాళ్లు స్కోరు తగ్గించుకోవడం గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో, పార్ 72 ఉన్న కోర్సులో (అంటే 18 హోల్స్‌ను 72 షాట్లలో ముగించాలన్న ప్రమాణం ఉన్నచోట) ఒక్కో హోల్‌కు రెండు చొప్పున 36 పట్‌లు, అంటే రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి (గ్రీన్) మీద బంతిని దొర్లించే షాట్లు, ఉంటాయి కనుక ఆటలో సగం పటింగేనని, సాధన సమయంలోనూ సగం దానికే కేటాయించాలని రాశాను. మొదటి మాట లెక్కకు సరిపోతుంది గాని, దాని నుంచి నేను తీసిన రెండో మాట తప్పు.

ఆ 36లో గణనీయమైన భాగం అడుగు, రెండడుగుల దూరంలో ఆగిన బంతిని రంధ్రంలోకి నెట్టడమే. ఆ పనిని మొత్తం ఆటను 80 షాట్లలో ముగించేవారూ 100 షాట్లలో ముగించేవారూ దాదాపు ఒకేలా ముగిస్తారు కాబట్టి, ఇద్దరి స్కోర్ల మధ్య తేడా అక్కడ పుట్టదు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రోడీ పీజీఏ టూర్‌లో (అమెరికాలోని వృత్తి ఆటగాళ్ల పోటీల్లో) ప్రతి షాట్‌కూ నమోదైన వివరాల ఆధారంగా చేసిన విశ్లేషణ ప్రకారం, అగ్రశ్రేణి ఆటగాళ్లకు మిగతావారిపై ఉండే ఆధిక్యంలో పటింగ్ వాటా సుమారు 15 శాతమే. అప్రోచ్ షాట్ల (దూరం నుంచి బంతిని గ్రీన్ మీదికి చేర్చే షాట్ల) వాటా 40 శాతం దాకా ఉంటుంది. ఔత్సాహికుల విషయంలోనూ తేడాలో ఎక్కువ భాగం దూరపు షాట్లదేనని ఆయన తేల్చారు.

అంటే పటింగ్ సాధన దండగ అని కాదు. పీజీఏ టూర్ ఆటగాళ్లే 8 అడుగుల పట్‌లలో దాదాపు సగం మాత్రమే రంధ్రంలో వేయగలుగుతారు. కాబట్టి ఆ దూరంలో తప్పినందుకు కొత్త పట్టర్ (పటింగ్‌కు వాడే కర్ర) కొనడం కంటే, 30 అడుగుల నుంచి కొట్టిన బంతి రంధ్రం పక్కనే ఆగేలా వేగాన్ని అదుపు చేయడం నేర్చుకుంటే మూడో పట్ అవసరం తగ్గుతుంది. పోస్టులో వేగం అదుపు గురించిన భాగాన్ని అలాగే ఉంచి, సాధన సమయాన్ని పంచిన పట్టికను తొలగించాను.